అడవిలో సహపంక్తి భోజనం

అడవికి వెళ్లొచ్చినవాళ్లని మనం అడిగే మొదటి ప్రశ్న ఒకటే... ‘పులి కనిపించిందా?’ లేదంటే, ‘పోనీ చిరుత?’ అంటాం. అదీ లేదంటే ‘అయ్యో’ అని ఊరుకుంటాం. ‘రేచుకుక్క కనిపించిందా?’ అని మాత్రం ఎవరూ అడగరు. అలాంటి జంతువొకటి మన నల్లమలలోనూ, కవ్వాల్‌లోనూ, పాపికొండల్లోనూ, శేషాచలం కొండల్లోనూ ఉందని చాలామందికి తెలియదు మరి!

నిజానికి రేచుకుక్క కనిపించడం కూడా అరుదైన సంగతే. కొన్నిచోట్ల దాన్ని రేసుకుక్క అంటారు, కొన్నిచోట్ల ఊరికే అడవికుక్క అంటారు. ఇటుకరంగు ఒళ్లు, గుండ్రటి చెవులు, నల్లటి కుచ్చుతోక. బరువు 12 నుంచి 20 కిలోలు... అంటే మన వీధికుక్కంతే. పేరులో కుక్క ఉంది కానీ మన ఊరికుక్కకు ఇది దూరపు చుట్టమే. ఊరికుక్క పుట్టింది తోడేలు వంశంలో. రేచుకుక్కది వేరే శాఖ. ఆ శాఖలో ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే.

మనిషి అలికిడి వింటే పొదల్లోకి జారుకునే ఈ జంతువు ఏం తింటుందో, ఎలా తింటుందో ఎలా తెలిసింది? అది తెలుసుకుంటే దానిమీద మనకున్న అపోహ కూడా తెలుస్తుంది. ఎందుకంటే రేచుకుక్కకు చెడ్డపేరు వచ్చింది దాని భోజనం వల్లే!

దూలపల్లి చదువు

హైదరాబాద్‌కు ఉత్తరాన, కొంపల్లికి పక్కన ఉంటుంది దూలపల్లి. చుట్టూ కాలనీలు, అపార్టుమెంట్లు పెరిగిపోతున్నా అక్కడ ఇంకా కొంత అడవి మిగిలి ఉంది. అటవీ అకాడమీ ఉన్నది అక్కడే. అడవి ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు శిక్షణ పొందేది అందులోనే. అటవీ జీవవైవిధ్య సంస్థ కూడా అదే ఊళ్లో ఉంది. దూలపల్లి అడవిలో రేచుకుక్కలు లేవు. కానీ రేచుకుక్కలున్న అడవుల్ని కాపలా కాయాల్సినవాళ్లు అక్కడినుంచే బయల్దేరతారు.

అడవిలో పనిచేసేవాళ్లకి అక్షరాభ్యాసం లాంటి విద్య ఒకటుంది. అడుగుజాడల్నీ, మలాన్నీ చూసి జంతువును గుర్తుపట్టడం. వినడానికి ఇబ్బందిగా ఉన్నా, కంటపడని జంతువు రాసిపెట్టి వెళ్లే చీటీ అదే. రేచుకుక్కల విషయంలో ఆ చీటీ వెతుక్కోవడం కాస్త తేలిక. చిరుత దారి పొడవునా ఒక్కో చోట ఒక్కొక్కటిగా వదిలి వెళ్తుంది. రేచుకుక్కలు మాత్రం గుంపుగా ఒకేచోట విసర్జిస్తాయి, అదీ ఎక్కువగా అడవి బాటలు కలిసే కూడళ్లలో. ‘ఇది మా పేట’ అని బోర్డు పెట్టినట్టన్నమాట.

ఆ మలాన్ని ఎండబెట్టి, కడిగి, వడగడితే వెంట్రుకలు, ఎముక ముక్కలు, గిట్టలు మిగులుతాయి. మాంసం అరిగిపోతుంది కానీ వెంట్రుక అరగదు. దుప్పి వెంట్రుక ఒకలా ఉంటుంది, కణితిది ఇంకోలా, అడవిపందిది మరోలా. సూక్ష్మదర్శిని కింద పెట్టి, ముందే సిద్ధంచేసుకున్న నమూనాలతో పోల్చితే ఆరోజు విందులో ఏముందో తెలిసిపోతుంది.

ఇక్కడో చిక్కుంది. కుందేలు లాంటి చిన్న జంతువులో మాంసం తక్కువ, బొచ్చు ఎక్కువ. కణితిలో మాంసం ఎక్కువ, దానితో పోలిస్తే బొచ్చు తక్కువ. ఊరికే వెంట్రుకలు లెక్కపెట్టి ‘ఇవి కుందేళ్లమీదే బతుకుతున్నాయి’ అంటే లెక్క తప్పుతుంది. అందుకే ఏ జంతువు ఎన్ని కిలోలు తింటే ఎంత మలం వస్తుందో కొలిచి, ఆ హెచ్చవేతతో లెక్క సరిచేస్తారు. వంటింట్లో మిగిలిన తొక్కల్ని చూసి ఆ పూట కూర ఎంత వండారో చెప్పడం లాంటి లెక్క ఇది.

అలా చూస్తే దక్షిణాది అడవుల్లో రేచుకుక్కకు ముఖ్యమైన ఆహారం దుప్పి, కణితి. దొరికినచోట అడవిపంది, కుందేలు. కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్, మెల్విన్ సన్‌క్విస్ట్ చేసిన అధ్యయనం ప్రకారం పులి వేటాడే జంతువు సగటు బరువు దాదాపు 91 కిలోలు, చిరుతది దాదాపు 38, రేచుకుక్కలది దాదాపు 43. 20 కిలోలు మించని జంతువు తనకు రెట్టింపు బరువున్నదాన్ని తిని బతుకుతోందంటే ఆశ్చర్యమే కదా! ఒంటరిగా అయితే అది కాని పని. గుంపు వల్లే సాధ్యం.

ఈలవేసే వేటగాళ్లు

మామూలుగా గుంపులో అయిదు నుంచి పది దాకా ఉంటాయి. ఇరవై దాటిన గుంపులూ ఉన్నాయి. వేట ఎక్కువగా తెల్లవారుజామున, లేదంటే సాయంత్రం పొద్దుగూకే వేళ. దట్టమైన పొదల్లో ఒకదానికొకటి కనిపించవు కాబట్టి ఈలలు వేసుకుంటాయి. అవును, ఈలలే! ఊరికుక్కలా మొరగడం వీటి పద్ధతి కాదు. పక్షి కూతని భ్రమపడేంత సన్నటి ఈల వేస్తూ చెదిరిపోయిన గుంపు మళ్లీ ఒకచోట చేరుతుంది.

అడవి పల్లెల్లో వీటిమీద ఒక కథ ప్రచారంలో ఉంది. రేచుకుక్క తోకను మూత్రంలో తడిపి జింక కళ్లలో కొట్టి గుడ్డిదాన్ని చేస్తుందని! పొదలమీద మూత్రం పోసి జింక కోసం కాచుకుని ఉంటుందనీ అంటారు. పరిశోధకులెవరూ ఇది చూడలేదు. కళ్లముందు జరిగే వేట మాత్రం ఆ కథకన్నా గొప్పగా ఉంటుంది. కొన్ని తరుముతాయి, కొన్ని పక్కలకి చీలి దారి కాస్తాయి. వీలైతే నీళ్లలోకి తోలతాయి. నీళ్లలో దిగిన జింక పరిగెత్తలేదు మరి.

పట్టుకున్నాక ఏం జరుగుతుందన్న దగ్గరే మనకూ దానికీ పేచీ వచ్చింది. పులి, చిరుత మెడ పట్టి ఊపిరాడకుండా చేసి చంపుతాయి. ఆ తర్వాత తింటాయి. రేచుకుక్క పళ్లకు, దవడకు అంత పట్టు లేదు. ఒకటి ముక్కు పట్టుకుంటే మిగతావి వెనకనుంచి, పక్కలనుంచి లాగుతాయి. జంతువు ప్రాణం పోకముందే తినడం మొదలవుతుంది. చూడటానికి భరించలేని దృశ్యం. ‘క్రూరమృగం’ అన్న పేరు అక్కడే స్థిరపడిపోయింది.

కానీ మరోవైపునుంచి చూడండి. రక్తం, ప్రేగులు పోయిన జంతువు నిమిషాల్లోనే నిశ్చలమైపోతుంది. ఆ తొందర కూడా దురాశ కాదు, భయం. వాసన పట్టి పులి వస్తుంది, చిరుత వస్తుంది, మనిషి వస్తాడు. ఎవరొచ్చినా విస్తరి వదిలి పారిపోవాల్సింది ఇవే. నీలగిరుల వైపు అడవుల్లో రేచుకుక్కల్ని అదిలించి వేట మాంసం ఎత్తుకెళ్లడం జనానికి పాత అలవాటే. లాగేసుకునేవాళ్లు ఇంతమంది ఉన్నప్పుడు తాపీగా తినేదెవరు?

తొందరకు తగ్గట్టే ఉంటాయి పళ్లు కూడా. ఊరికుక్కకు 42 పళ్లుంటే రేచుకుక్కకు 40. కింది దవడలో చివరి నమిలే పన్ను రెండు పక్కలా లేదు. ఉన్న పళ్లలో నమలడంకన్నా కోతకు పనికొచ్చే అంచులే ఎక్కువ. కోయడం, మింగడం... అంతే. భోజనం కాగానే నీళ్లకు పోతాయి. అందుకే వేట చాలాసార్లు నీటి దరుల దగ్గర్లోనే ముగుస్తుంది.

పిల్లలదే మొదటి బంతి

ఇంత ఆత్రంగా తినే జంతువుల మధ్య కొట్లాటలు జరగాలి కదా? పులుల మధ్య, సింహాల మధ్య విందు దగ్గర గర్జనలు, పంజా దెబ్బలు మామూలే. రేచుకుక్కల దగ్గర పోటీ అంతా ఎవరు వేగంగా తింటారన్నదాంట్లోనే. ఒకదాన్నొకటి కరుచుకోవడం అరుదు.

మన దేశంలో ఈ జంతువును మొదటిసారి దగ్గరుండి, ఓపిగ్గా గమనించినవాడు ఎ.జె.టి. జాన్‌సింగ్. 1970ల చివర్లో బందీపూర్ అడవిలో గుంపు వెంట నడిచి, వాటి సంసారం ఎలా సాగుతుందో రాశాడు. 2024లో కన్నుమూసేదాకా ఎందరో అటవీ అధికారులకు, పరిశోధకులకు గురువుగా ఉన్నాడు. ఆయన చూసినదాంట్లో మన ఇళ్లలోని పెద్దలకు బాగా నచ్చే విషయం ఒకటుంది.

గుంపులో సాధారణంగా ఒక జంటే పిల్లల్ని కంటుంది. మిగతావన్నీ పిన్నులు, బాబాయిలు, అన్నలు, అక్కల్లాంటివి. తల్లి బొరియలో ఉంటే గుంపు వేటకెళ్తుంది. ఒకటో రెండో కాపలాకి ఆగిపోతాయి. వేటకెళ్లినవి తిన్నదాంట్లోంచి కొంత కడుపులో మోసుకొస్తాయి. బొరియ దగ్గర తల్లి, పిల్లలు మూతి నాకి అడగ్గానే కక్కి పెడతాయి. మనకు ఏవగింపు కలగొచ్చు కానీ, చేతులు లేని జీవికి క్యారియర్ కట్టుకొచ్చే దారి అదొక్కటే.

పిల్లలు కాస్త పెద్దవై గుంపుతో తిరగడం మొదలుపెట్టాక ఇంకో మర్యాద కనిపిస్తుంది. వేట పడగానే పెద్దవి పక్కకు జరిగి పిల్లల్ని ముందు తిననిస్తాయి. పరిగెత్తింది పెద్దలు, దెబ్బలు తిన్నది పెద్దలు... మొదటి బంతి మాత్రం పిల్లలది! సింహాల్లో ఇది తిరగబడుతుంది. అక్కడ మగసింహం తిన్నాక మిగిలితేనే పిల్లలకు. ‘మృగరాజు’ అన్న బిరుదు ఎవరికిచ్చాం, ‘క్రూరమృగం’ అన్న ముద్ర ఎవరికేశాం అని ఓసారి ఆలోచించుకోవాలి.

తిండే కుటుంబాన్ని కడుతుంది

రేచుకుక్కలకు ఈ ఉమ్మడి కుటుంబం ఎందుకొచ్చిందో తెలియాలంటే, ఉమ్మడి కుటుంబం లేని అడవికుక్క ఎలా బతుకుతుందో చూడాలి. అందుకోసం ఓసారి దక్షిణ అమెరికాకు వెళ్లొద్దాం.

అమెజాన్ వర్షారణ్యంలో పొట్టిచెవుల కుక్క ఒకటుంది. ప్రపంచంలోని కుక్కజాతి జంతువుల్లో మనిషికి అతి తక్కువ తెలిసినవాటిలో అదొకటి. పదికిలోల లోపు బరువు, పొట్టి కాళ్లు, వేళ్ల మధ్య కొంత చర్మం. పెరూ అడవుల్లో ఏళ్ల తరబడి దాని జాడ వెతికిన రెనాటా లేటె పిట్మన్ చేసిన పని కూడా ఇదే... మలం ఏరడం. చేతికందిన కాసిన్ని నమూనాల్లో తేలిందేమిటో తెలుసా? అన్నిటికన్నా ఎక్కువగా దొరికింది చేప! అది 28 శాతం. ఆ తర్వాత పురుగులు 17 శాతం, చిన్న జంతువులు 13 శాతం. ఇంకా పండ్లు, పీతలు, పక్షులు, కప్పలు.

ఆ కుక్క సాధారణంగా ఒంటరిగానే తిరుగుతుంది. ఎందుకంటే అది తినే చేప, పీత, రాలినపండు... ఏదీ పంచుకునేంత పెద్దది కాదు, పట్టడానికి తోడు అక్కర్లేదు. అదే అడవుల్లో బుష్ డాగ్ అనే మరో కుక్క ఉంది. బరువు అయిదు నుంచి ఎనిమిది కిలోలే. అయినా గుంపు కట్టి, పాకా అనే పెద్ద ఎలుకజాతి జంతువును వేటాడుతుంది. ఆ పాకా బరువు కొన్నిసార్లు కుక్క బరువును మించి ఉంటుంది.

ఒకే అడవి, రెండు కుక్కలు, రెండు సంసారాలు. తేడా అంతా విస్తట్లో ఉంది. చేపలు తినేది ఒంటరి, తనంతటిదాన్ని పడగొట్టేది గుంపు. మన రేచుకుక్కది రెండో దారి. ఆగ్నేయాసియాలోని దట్టమైన అడవుల్లో, పెద్ద దుప్పి మందలు లేనిచోట కూడా అది మొరిగే జింకలాంటి చిన్నవాటితో సర్దుకుని బతుకుతుంది. కానీ జింకలే లేని అడవిలో మాత్రం బతకలేదు. ఈ ఒక్క వాక్యంలోనే దాని భవిష్యత్తంతా ఉంది.

తలకింత అని వెలకట్టి...

మోగ్లీ కథలు మనింట్లో పిల్లలందరికీ తెలుసు. రచయిత రడ్‌యార్డ్ కిప్లింగ్ 1895లో వచ్చిన రెండో జంగిల్ బుక్కులో రేచుకుక్కల్ని అడవిమీద దండెత్తే ఎర్రమూకగా చూపించాడు. ఆ దండు ఎక్కడినుంచి వచ్చిందంటాడో తెలుసా... మన దక్కను నుంచి! మోగ్లీ వాటిని తేనెటీగల గుట్టలోకి దింపి నాశనం చేస్తాడు. కథ చదివిన పిల్లలు చప్పట్లు కొట్టారు.

కథలో ఉన్న కోపమే ప్రభుత్వ కాగితాల్లోనూ ఉండేది. ‘మన జింకల్ని తినేస్తున్నాయి’ అని బ్రిటిష్ వేటగాళ్లు వీటిమీద కక్షకట్టారు. తోలు తెచ్చి చూపిస్తే ఇంత అని బహుమతి ఇచ్చేవారు. తుపాకీ, విషం, బొరియల్లో పిల్లల్ని పట్టి చంపడం... అన్నీ జరిగాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాకే ఆ బహుమతులకు తెరపడింది.

ఒకప్పుడు రష్యా తూర్పు కొసనుంచి జావా దీవి దాకా తిరిగిన ఈ జంతువు, తన పాత నేలలో ముప్పావు వంతుకుపైగా పోగొట్టుకుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2015 అంచనా ప్రకారం ప్రపంచం మొత్తమ్మీద సంతానయోగ్యమైనవి 949 నుంచి 2,215 మాత్రమే. 2022 గణనలో మన దేశంలో పులుల సగటు అంచనా 3,682. ఒకటి ఈడొచ్చినవాటి లెక్క, ఒకటి పులుల మొత్తం లెక్క కాబట్టి నేరుగా పోల్చలేం. అయినా రేచుకుక్క ఏమంత క్షేమంగా లేదని అర్థమవుతోంది కదా!

పైగా వీటిని లెక్కపెట్టడమే కష్టం. పులికి చారలున్నాయి, చిరుతకు మచ్చలున్నాయి. కెమెరాకు చిక్కిన ఫొటో చూసి ‘ఇది ఫలానా పులి’ అనొచ్చు. రేచుకుక్కలన్నీ ఒకే ఇటుకరంగు! అందుకే మళ్లీ మలమే దిక్కయింది. కేరళలోని వయనాడ్‌లో మలంలోని డీఎన్‌ఏ ఆధారంగా ఒక్కో జంతువునీ విడిగా గుర్తించి, అక్కడ దాదాపు 50 ఉన్నాయని అంచనావేశారు. ఆ అధ్యయనం 2021లో వెలువడింది. విశాఖపట్నంలోని ఇందిరాగాంధీ జూలో రేచుకుక్కల్ని ప్రత్యేకంగా పెంచి సంతానాన్ని వృద్ధిచేస్తున్నారు. అయితే జూలో పుట్టిన పిల్లకు మాంసం బకెట్లో వస్తుంది. పెద్దల వెంట పరిగెత్తి, పెద్దలు జరిగి చోటిస్తే తినే చదువు అడవిలోనే దొరుకుతుంది.

ముప్పు మన వాకిట్లోంచే

ఇవాళ రేచుకుక్కకు తుపాకీకన్నా పెద్ద శత్రువు ఎవరంటే... మన ఊరికుక్క! అడవి అంచు పల్లెల్లో పశువుల వెంట, కట్టెల వెంట, కొన్నిచోట్ల దొంగవేట వెంట కుక్కలూ అడవిలోకి వెళ్తాయి. జింకల్ని తరుముతాయి, వేట దగ్గర రేచుకుక్కల్ని అదరగొడతాయి. అంతకన్నా ప్రమాదం, రేబిస్, డిస్టెంపర్ లాంటి జబ్బుల్ని మోసుకెళ్తాయి. మూతులు నాకి, కక్కి తినిపించి, ఒకేచోట విసర్జించే కుటుంబంలో ఒకదానికి జబ్బొస్తే మిగతావాటికి అంటుకోవడం ఎంతసేపు? ఆ కుటుంబాన్ని నిలబెట్టిన ఆప్యాయతే అప్పుడు శాపమవుతుంది.

రెండో ముప్పు ఖాళీ విస్తరి. ఉచ్చులకి, వలలకి జింకలు పోతే గుంపు పశువుల దొడ్డివైపు చూస్తుంది. మేకనో, దూడనో పట్టుకుంటుంది. మనిషికి ఏడాది కష్టం ఒక్కపూటలో పోయినట్టవుతుంది. ఆ కడుపుమంటతో ఎవరైనా కళేబరంలో విషం కలిపితే, పంక్తి మొత్తం ఒకేచోట కూర్చుని తినే జంతువు కాబట్టి కుటుంబమంతా ఒకేసారి పోతుంది. పులి అయితే ఒకటి చస్తుంది. ఇక్కడ గుంపే మిగలదు. మేక పోయినవాడికి సకాలంలో నష్టపరిహారం అందడం, ఊరికుక్కలకు టీకాలు పడటం... ఈ రెండూ అడవిని కాపాడే పనులే. తుపాకులతో గస్తీ తిరగడం ఎంత ముఖ్యమో ఇవీ అంతే ముఖ్యం.

మనమేం చేయగలం? శ్రీశైలం దారిలో, కవ్వాల్ దారిలో కార్లో వెళ్లేటప్పుడు పెంపుడు కుక్కను అడవిలో దించి తిప్పకండి. తిన్నవాటి మిగుళ్లు దారిపక్కన పారేయకండి, ఊరికుక్కలు అడవిలోకి చేరేది ఆ ఎంగిలి వాసనకే. వేటమీద ఉన్న రేచుకుక్కలు అదృష్టవశాత్తూ కంటపడితే హారన్ కొట్టొద్దు, ఫొటో కోసం దగ్గరికెళ్లొద్దు. మనుషుల్ని వేటాడే అలవాటు వాటికి లేదు. అవే బెదిరి, సగం తిన్న వేటను వదిలి వెళ్లిపోతాయి. మీకది రెండు నిమిషాల సరదా. ఎక్కడో బొరియ దగ్గర ఎదురుచూసే పిల్లలకు మాత్రం ఆ పూట పస్తు.